అనుభవం లేని కుక్క కావలెను

మా సంస్థలో ప్రతి పనికీ ఒక ఫైలు ఉంటుంది. కొన్ని పనులకు ఫైలు మాత్రమే ఉంటుంది. కుక్క విషయంలో ఫైలూ ఉంది, కుక్కా ఉంది. అందుకే అది మా విజయాల జాబితాలో చేరింది. మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా ఆ ఫైలు నా చేతుల మీదుగానే నడిచింది కాబట్టి దాని గురించి చెప్పే అర్హత నాకుంది. సిగ్గుపడే అర్హత కూడా ఉంది గాని, అందుకు పైవారి అనుమతి ఇంకా రాలేదు.

ఉత్తర మండల విత్తన గిడ్డంగుల సంస్థ అని మా సంస్థ పేరు. అందులో రోడ్డు పక్క డిపోకి నేను సూపరింటెండెంటుని. ఆరు గోదాములు, వాటి నిండా వేరుశనగ, మినుము విత్తనాల బస్తాలు. చుట్టూ ప్రహరీ. వెనకవైపు ప్రహరీ మూడేళ్ల కిందటి తుఫానుకి పడిపోయింది. దాన్ని తిరిగి కట్టే ఫైలు వేరే ఉంది, దాని జోలికి ఇప్పుడు పోను. ఆరు గోదాములకీ, లేని గోడకీ కలిపి కాపలా ఒక్కడే, దాలయ్య.

దాలయ్య పంతొమ్మిదేళ్లుగా దినకూలీ వాచ్‌మన్. అంటే పంతొమ్మిదేళ్లుగా తాత్కాలికం. అతన్ని పర్మనెంటు చేసే ఫైలు కూడా నా బల్ల మీదే ఉండేది. అప్పటికి అతనికి యాభై ఎనిమిది నిండాయి. అరవై లోపల పర్మనెంటయితే పింఛను వస్తుంది. కాకపోతే అరవయ్యో ఏట చేతికర్ర అప్పగించి ఉత్త చేతులతో ఇంటికి పోవాలి. ఇంట్లో ఉన్నది చూపు సరిగా ఆనని భార్య ఒక్కతే. ఈ సంగతి మా ఆఫీసులో అందరికీ తెలుసు. తెలిసి మేం ఏం చేశామంటే, రోజుకి రెండుసార్లు టీ తాగాం.

ఒకరోజు దాలయ్య నా దగ్గరికి ఒక అర్జీ పట్టుకొచ్చాడు.

"నాను ముందు గేటు కాడ ఉంటే ఎనకనుంచి మూటలు ఎత్తుకుపోతన్నారు బాబూ. ఎనక్కెల్తే ముందునుంచి ఒస్తన్నారు. మా ఈధి సివర మేస్త్రీ గారింట్లో పెద్ద కుక్కుంది. ఆలు ఊరొగ్గీసి ఎల్లిపోతన్నారు. ఊరికే ఇచ్చీస్తామంటన్నారు. మంచి కాపలా కుక్క. మీరు ఊ అంటే సాయంత్రానికి తోలుకొచ్చీస్తాను. అన్నం నా కేరేజీలోదే ఎట్టీస్తాను."

మనిషన్నవాడెవడైనా 'తోలుకురా' అనేవాడు. నేను సూపరింటెండెంటుని. ఊరికే వచ్చేదాన్ని తీసుకోవడానికి మా సంస్థలో రూలు లేదు. అర్జీకి నంబరు వేసి హెడ్డాఫీసుకి పంపాను.

అది అక్కడికి చేరేసరికి మా జనరల్ మేనేజర్ వామనమూర్తి గారు ఏదో కొండమీది ఊళ్లో ఐదురోజుల శిక్షణ ముగించుకుని అప్పుడే దిగారు. సిద్ధంగా ఉన్నవాళ్లను తెచ్చుకున్న సంస్థలు బాగుపడవనీ, మొలక దశ నుంచి పెంచుకున్నవే బాగుపడతాయనీ ఆయన అక్కడ నేర్చుకొచ్చారు. నేర్చుకున్నది దేని మీద ప్రయోగించాలా అని చూస్తుంటే మా కుక్క కనపడింది. మర్నాడే కారెక్కి మా డిపోకి వచ్చి మీటింగ్ పెట్టారు.

మీటింగ్‌లో నలుగురం. వామనమూర్తి గారు, మా డిపో మేనేజర్ హైమవతి గారు, నిపుణుడి హోదాలో పశువుల డాక్టరు ఇమ్మానుయేలు గారు, రాసుకోవడానికి నేను.

"ఇక్కడ ప్రశ్న కుక్క కాదు," అన్నారు వామనమూర్తి గారు. "ప్రశ్న దృక్పథం. పెరిగిన కుక్కని తెచ్చుకునే సంస్థగా మిగిలిపోదామా, కుక్కని పెంచే సంస్థగా ఎదుగుదామా?"

డాక్టరు గారు మంచివారు, అందువల్ల విషయానికి వచ్చేశారు. "సార్, మీకు దొంగలు ఈ వారమే వస్తున్నారు. కుక్కపిల్ల కాపలాకి పనికి రావాలంటే ఏడాదిన్నర పడుతుంది. పెద్దదైతే ఇవాళ్టి నుంచే కాస్తుంది. టీకాలు వేయించారా, ఊరికే కరిచే గుణముందా, ఎవరింట్లో ఎలా పెరిగింది, అది చూసుకుంటే చాలు."

"డాక్టర్ గారూ, మీరు కుక్క కోణం నుంచి చెబుతున్నారు. సంస్థాగత కోణం వేరు. పెద్ద కుక్కకి పూర్వ విధేయతలుంటాయి. దాని పాత యజమానే రేపు దొంగతనానికొస్తే తోక ఊపుతుంది. మన కుక్క మన సంస్కృతిలో కళ్లు తెరవాలి. మన అధికారులను చూడాలి, మన పద్ధతులు గ్రహించాలి, మన వాతావరణంలో పెరగాలి."

ఇమ్మానుయేలు గారు మా వాతావరణాన్ని ఒకసారి కలియజూశారు. స్టూలు మీద అటెండరు నిద్రపోతున్నాడు.

"సార్, నాదొక సందేహం," అన్నారు హైమవతి గారు. ఆవిడ సందేహం లేకుండా ఏ సంతకమూ పెట్టరు, సందేహం ఉందని ఏ సంతకమూ పెట్టరు. "నాలుగేళ్ల కుక్కని తీసుకుంటే దానికి నాలుగేళ్ల సర్వీసు ఉన్నట్టే కదా. రేపు ఇంకో కుక్క వస్తే సీనియారిటీ తగాదా రాదా?"

"చూశారా! నాకు తట్టనే లేదు," అని వామనమూర్తి గారు మురిసిపోయారు. పిల్లనే పెంచాలని తీర్మానం నేనే రాశాను. దానికి ఒక శాశ్వత పోస్టు కూడా వారంలో మంజూరైపోయింది. మా సంస్థలో శాశ్వత పోస్టు వారంలో మంజూరవుతుందని నాకు అప్పుడే తెలిసింది.

దాలయ్యకీ తెలిసింది. "కుక్కకి పోస్టిచ్చినారట కదా బాబూ. మంచిదే. మరి అదే సేత్తో నాదీ అయిపోద్దా?"

"తప్పకుండా," అన్నాను. అబద్ధం చెప్పడానికి మాత్రం నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

'అనుభవం లేని కుక్క కావలెను' అని పత్రికలో ప్రకటన ఇచ్చాం. వయసు అరవై రోజులు మించరాదు. ఇంతకుముందు ఎక్కడా కాపలా కాసి ఉండరాదు. పరాయి మనిషిని చూసి మొరిగిన చరిత్ర ఉండరాదు. ఎంపికరోజున పట్నం నుంచి బుట్టల్లో, కార్లలో రకరకాల పిల్లల్ని తెచ్చారు. ఒకటి వామనమూర్తి గారి డ్రైవర్ని చూసి మొరిగింది. అనుభవం ఉన్నట్టు తేలడంతో దాన్ని తిప్పి పంపేశారు. ఇంకొకటి గుమ్మందాకా పరిగెత్తి వాసన చూసింది. "ఇది ఎక్కడో శిక్షణ పొందింది," అన్నారు హైమవతి గారు. మధ్యాహ్నానికి ఒక్కటీ మిగల్లేదు. పక్కనే కాలువగట్టున తల్లి పోయిన పిల్ల ఒకటుంటే దాలయ్య దాన్ని తువ్వాల్లో చుట్టి తెచ్చి బల్లమీద పెట్టాడు. ఎన్ని ప్రశ్నలడిగినా అది నిద్ర లేవలేదు. ఏకగ్రీవంగా ఎంపికైంది.

దాలయ్య దానికి గంగులు అని పేరు పెట్టాడు. మేం ఉద్యోగి నంబరు ఇచ్చాం.

ఆ రాత్రే చిక్కు వచ్చింది. రెండు నెలల పిల్లని గోదాముల దగ్గర వదిలితే వీధికుక్కలు బతకనివ్వవు. శిక్షణలో ఉన్న జాగిలానికి ఏం జరిగినా డిపో మేనేజరుదే బాధ్యత అని హెడ్డాఫీసు ఉత్తర్వులో ఉంది. బాధ్యత అన్న మాట వింటేనే హైమవతి గారికి తలనొప్పి వస్తుంది. వెంటనే ఇంకో ఉత్తర్వు ఇచ్చారు. దాలయ్య ఇకనుంచి రాత్రిళ్లు రికార్డు గదిలో కుక్కపిల్లకి కాపలా ఉండాలి. అది ఎక్కడికి వెళితే అక్కడికి వెంట వెళ్లాలి.

"మరి గోదాములకి మేడమ్?" అన్నాను.

"గోదాములకి కుక్క ఉంది కదండీ," అన్నారావిడ.

ఇదివరకు నెలకి నాలుగు మూటలు పోయేవి. ఇప్పుడు వారానికి పది పోవడం మొదలైంది. నేను నివేదిక పంపితే వామనమూర్తి గారు స్వయంగా ఫోన్ చేశారు. "దొంగతనాలు పెరిగాయంటే అర్థమేమిటి? కాపలా కుక్క అవసరం పెరిగిందని. మనం ఎంత ముందుచూపుతో నిర్ణయం తీసుకున్నామో చూశారా?" ఆ నెల నుంచి కుక్క ఎంత పెరిగిందో వారం వారం కొలిచి పంపమన్నారు. పోయిన మూటల్ని కొలవమని ఎవరూ అనలేదు.

దాలయ్య మాత్రం పిల్లని ప్రాణంగా చూసుకున్నాడు. రాత్రి ఏడిస్తే ఒళ్లో పెట్టుకునేవాడు. తన గంజిలో ముద్ద కలిపి తినిపించేవాడు. డాక్టరు గారు వచ్చినప్పుడల్లా "ఇంత శ్రద్ధగా పెంచిన పిల్లని ఈ మధ్య చూడలేదయ్యా," అనేవారు. మా ఆఫీసులో దాలయ్యని ఎవరైనా మెచ్చుకోవడం అదొక్కటే. మెచ్చుకున్నవాడు మా ఆఫీసువాడు కాదు.

ఆరు నెలలయ్యేసరికి వామనమూర్తి గారు తన ప్రయోగానికి అంకుర విధానం అని పేరు పెట్టి మొత్తం సంస్థకి వర్తింపజేశారు. ఇకమీదట ఏ ఉద్యోగానికైనా అనుభవం లేనివారినే తీసుకోవాలి. అనుభవం ఉన్నవారికి పాత అలవాట్లుంటాయి, వారిని సంస్థ తనకు తగ్గట్టు మలుచుకోలేదు. ఆ ఉత్తర్వు వచ్చిన నాలుగోరోజున దాలయ్య పర్మనెంటు ఫైలు తిరిగొచ్చింది. పైన ఎర్రసిరాతో ఒక్క వాక్యం ఉంది: 'అభ్యర్థికి పంతొమ్మిదేళ్ల అనుభవం ఉన్నందున అనర్హుడు.'

నేను చదివి వినిపిస్తే దాలయ్యకి ఎక్కలేదు.

"అనుభవమంటే ఏటి బాబూ? రేత్తిరి మెలకువగా ఉండడమేనా?"

"అదే అనుకో."

"అయితే నాకు నేదని రాసీండి. నానేటి అడ్డుసెప్పను."

అతను వేళాకోళానికి అనలేదు. నేనూ వేళాకోళానికి రాయలేదు. 'ఈ దాలయ్య అను వ్యక్తి మా డిపోలో పంతొమ్మిదేళ్లు పనిచేసినప్పటికీ ఎట్టి అనుభవమూ పొందలేదని ధ్రువీకరించడమైనది' అని చక్కగా టైపు చేయించి హైమవతి గారి ముందు పెట్టాను.

ఆవిడ మూడుసార్లు చదివారు. "ఏమండీ, ఇతను ఇన్నేళ్లలో ఏమీ నేర్చుకోలేదని నేను సంతకం పెడితే నా పర్యవేక్షణ బాగాలేనట్టు కాదా?"

"పోనీ నేర్చుకున్నాడని రాద్దామా మేడమ్?"

"అలా రాస్తే అనర్హుడైపోతాడు. ఆ పాపం నాకెందుకండీ?"

కాగితం సంతకం లేకుండా ఫైల్లోకి వెళ్లిపోయింది. ఆ రోజు నాకు నిజంగా కోపం వచ్చింది. ఇంటికెళ్లి చారులో ఉప్పు ఎక్కువైందని మా ఆవిడ మీద చూపించాను. హైమవతి గారికి మర్నాడు మామూలుగానే నమస్కారం పెట్టాను.

గంగులు పెద్దవాడయ్యాడు. పది నుంచి ఐదు దాకా వాడు ఆఫీసులోనే ఉండాలని ఉత్తర్వు కాబట్టి మా మధ్యే తిరిగాడు, మమ్మల్నే చూశాడు. పదిన్నరకి వచ్చి ఫ్యాను కింద పడుకునేవాడు. భోజనాల గంట వాడికి అందరికంటే ముందు వినపడేది. తిన్నాక నాలుగింటిదాకా కదిలేవాడు కాదు. బయట కారు ఆగిన చప్పుడైతే లేచి నిలబడి తోక ఊపేవాడు. చంకలో ఫైలున్న మనిషి కనిపిస్తే దగ్గరుండి లోపలికి తీసుకొచ్చేవాడు. విత్తనాల కోసం తువ్వాలు భుజాన వేసుకుని రైతు ఎవడైనా గేటు దగ్గర నిలబడ్డాడా, గొంతు చించుకుని మొరిగేవాడు. అది వాడికి ఎవరూ నేర్పలేదు. ఐదు దాటాక మాత్రం ప్రపంచం మునిగిపోతున్నా కళ్లు తెరిచేవాడు కాదు.

శిక్షణకాలం ముగిసింది. ఇమ్మానుయేలు గారు పరీక్షించి, 'జాగిలం ఆరోగ్యంగా ఉంది. కాపలా స్వభావం లేదు' అని రాసిచ్చారు. రెండో వాక్యం అభిప్రాయమనీ, వైద్యం కాదనీ వామనమూర్తి గారు కొట్టేశారు. గంగుల్ని శాశ్వత ఉద్యోగిగా ఖరారు చేస్తూ చిన్న సభ జరిపారు. "ఈ జాగిలం మన సంస్కృతిని సంపూర్ణంగా ఒంట పట్టించుకుంది," అన్నారాయన. నా సర్వీసులో అంత నిజమైన ఉపన్యాసం వినలేదు. దాలయ్య వెనక వరసలో నిలబడి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

పది రోజుల తర్వాత ఒక సోమవారం ఉదయం నేను ఆఫీసుకి వచ్చేసరికి మూడో గోదాము తలుపులు తెరిచి ఉన్నాయి. మెట్ల మీద దాలయ్య కుడిచేతికి తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు. మణికట్టు విరిగింది. రాత్రి దొంగలు లారీతో వచ్చారట. వాళ్లలో ఒకడి చంకలో ఫైలు ఉందట. ఆ మనిషిని చూసి గంగులు నిద్ర కూడా మానుకుని లేచి, తోక ఊపుతూ మూడో గోదాము దాకా తీసుకెళ్లాడు. కుక్క ఎక్కడికి వెళితే అక్కడికి వెళ్లాలన్నది ఉత్తర్వు కాబట్టి దాలయ్య వెనకే పరిగెత్తాడు. ఐదుగురి మీద ఒక్కడే కర్ర ఎత్తాడు. అతని కేకలకి రోడ్డు మీద జనం లేచారు గాని, అప్పటికే తొంభై బస్తాలు లారీ ఎక్కేశాయి. మిగిలిన నాలుగొందలూ మిగిలింది దాలయ్య వల్లే.

విచారణకి వామనమూర్తి గారే వచ్చారు.

"బాధ్యత ఎవరిదో తేల్చాలి. కుక్క మీద చర్య తీసుకోవచ్చా?"

"శాశ్వత ఉద్యోగి సార్," అన్నారు హైమవతి గారు. "చార్జి మెమో ఇవ్వాలి, సంజాయిషీ అడగాలి, విచారణాధికారిని వేయాలి. రెండేళ్లు పడుతుంది."

"దాలయ్య?"

"తాత్కాలికం సార్."

"అయితే అక్కడి నుంచి మొదలుపెడదాం."

ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో జనరల్ మేనేజర్ ముందు అడక్కుండా నేను నోరు విప్పింది ఆ ఒక్కరోజే. "సార్, దాలయ్య డ్యూటీ గోదాములకి కాపలా కాదు. ఉత్తర్వు ప్రకారం కుక్కకి కాపలా. కుక్కకి చిన్న గీత కూడా పడలేదు సార్."

వామనమూర్తి గారు ఉత్తర్వు తెప్పించుకుని చూశారు. "నిజమే. ఇతను విధిని నూటికి నూరుపాళ్లూ నిర్వర్తించాడు. తప్పేమీ లేదు. అలాగే రాసుకోండి." నా గుండె తేలికపడింది. ఆయన కాగితం తిప్పి మళ్లీ అన్నారు, "కుక్క ఇప్పుడు పెద్దదయింది కదా?"

"అయింది సార్," అన్నాను.

"మరి దానికి కాపలా ఎందుకు?"

దాలయ్య మీద తప్పు పడకుండా చేద్దామనుకుని అతని పనే లేకుండా చేసింది నేను. తప్పు చేశాడని తీసేసి ఉంటే పోట్లాడటానికి ఒక మాటైనా ఉండేది. అవసరం లేదని తీసేశారు. గోదాముల సంగతేమిటని అడిగితే, వాటికి శాశ్వత ఉద్యోగి ఉన్నాడు కదా అన్నారు.

దాలయ్య ఎడమచేత్తో కర్ర తెచ్చి నా బల్లకి ఆనించాడు. "అరవైకి ఇంకా ఐదు నెలలుంది కదా బాబూ?"

"ఉంది."

"మరి ఫైలు?"

"నడుస్తోంది," అన్నాను. అతను తల ఊపి గేటు దాటాడు. గంగులు ఫ్యాను కింద నుంచి లేచి అతని వెనకే పోయాడు. మధ్యాహ్నం భోజనాల గంటకి కూడా తిరిగి రాలేదు.

పదిహేను రోజులైంది. అనుమతి లేకుండా గైర్హాజరైనందుకు గంగులికి మెమో వచ్చింది. మెమో ఉద్యోగి స్వయంగా అందుకుని వేలిముద్ర వేయాలన్నది రూలు కాబట్టి, సిరాపెట్టె పట్టుకుని నేనే దాలయ్య ఇంటికి వెళ్లాను. రెండు గదుల పెంకుటిల్లు. గుమ్మంలో గంగులు ఉన్నాడు. నా చంకలో ఫైలు చూసి లేచి, నేను ఇక అడుగు వేయడానికి వీల్లేకుండా మొరిగాడు. రైతు మీద కాక ఇంకొకరి మీద వాడు మొరగడం అదే మొదలు. మీదకి దూకబోతే దాలయ్య పట్టుకున్నాడు. గంగులికి కాగితం తెచ్చానని చెప్పాను.

లోపల్నుంచి అతని భార్య గుమ్మం తడుముకుంటూ వచ్చింది. "ఎవులు?"

"ఆఫీసు బాబు ఒచ్చినారు."

"పర్మనెంటు కాయితం ఒచ్చిందేటి?"

దాలయ్య నా వైపు చూసి, "ఒచ్చింది గానీ, గంగులికి," అన్నాడు. ఆవిడ మంచినీళ్లు తేవడానికి లోపలికి వెళ్లింది.

మెమో చదివాను. 'శ్రీ గంగులు గారికి. మీరు విధులకు హాజరు కానందుకు మీపై ఎందుకు చర్య తీసుకొనరాదో తెలుపగలరు.' దాలయ్య అంతా విని, "ఇప్పుడు ఈడి ఉద్యోగం పోద్దా బాబూ?" అని అడిగాడు.

"అంత తేలిగ్గా పోదు. ఏళ్లు పడుతుంది."

అతను కాసేపు గంగులి వీపు నిమిరాడు. "ఈడికొద్దులెండి. రాజీనామా రాసీండి. నాకైతే రాజీనామా సేసీడానికీ ఉద్యోగం నేకపోయింది."

రాశాను. గంగులి పంజా సిరాలో ముంచి దాలయ్యే ఎడమచేత్తో కాగితం మీద నొక్కాడు.

జవాబు రావడానికి ఏడు నెలలు పట్టింది. ఈలోగా దాలయ్యకి అరవై నిండాయి, అతని ఫైలు 'ఇక చర్య అనవసరం' అని మూతపడింది. వామనమూర్తి గారు ఇంకో శిక్షణకి వెళ్లొచ్చారు. ఈసారి అక్కడ, అనుభవమున్న వాళ్లను పోనివ్వకుండా నిలుపుకున్న సంస్థలే బాగుపడతాయని చెప్పారట. అంకుర విధానం రద్దయింది. గంగులి రాజీనామాకి వచ్చిన జవాబు పట్టుకుని నేను మళ్లీ ఆ పెంకుటింటికి వెళ్లాను. భార్యాభర్తలిద్దరూ అరుగు మీద ఉన్నారు. మూతి కాళ్ల మీద ఆనించి గంగులు వాళ్ల పక్కనే ఉన్నాడు. కాగితం తీసి దాలయ్యకి మాత్రమే వినపడేలా చదివాను.

"శ్రీ గంగులు గారికి. మీ రాజీనామా పరిశీలించడమైనది. గోదాముల కాపలాలో మీకు గల సుదీర్ఘమైన, విలువైన అనుభవం దృష్ట్యా మీవంటి వారిని వదులుకొనుట సంస్థకు తీరని నష్టమని భావిస్తూ, మీరు వెంటనే విధులలో చేరవలసిందిగా గౌరవపూర్వకంగా కోరుచున్నాము."

దాలయ్య భార్య వైపు ఒకసారి చూసి, నా దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు.

"బాబూ, పేరు కాడ గంగులు తీసీసి నాది ఎట్టి ఓపాలి సదవండి. మా ఇంటిది ఇంటాది."

రాసింది రాసినట్టు కాకుండా ఆఫీసు కాగితాన్ని నేను ఎప్పుడూ చదవలేదు. కాగితం కళ్లకి దగ్గరగా పెట్టుకుని, ఆవిడకి వినపడేలా గొంతు పెంచి, "శ్రీ దాలయ్య గారికి," అని మొదలుపెట్టాను.